రెండువందల యాభయ్యో చీటీ

జూన్ 3, మంగళవారం

పొద్దున ఆరింటికి అమ్మ తలుపు దగ్గర నిలబడి, "నిద్రపోతున్నావా?" అంది.

ఈ ప్రశ్నకి జవాబేమిటో నాకు పాతికేళ్ళుగా అర్థం కాలేదు. నిద్రపోతుంటే చెప్పలేను. చెప్పగలిగానంటే నిద్రపోవడం లేదు. గోడవైపు తిరిగి పడుకుని ఊపిరి నిదానంగా తీస్తూ ఉండిపోయాను. ఈ విద్యలో ఈమధ్య నాకు మంచి పట్టు చిక్కింది. అమ్మ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ఆఫీసుకి సెలవులో ఉన్నాను. ఎన్నాళ్ళని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మధ్యాహ్నం అమ్మ బట్టలు మడతపెడుతూ, "పక్కింటి మాస్టారికి చూపు ఆనడం లేదట. ఏదో పుస్తకం టైపు చెయ్యాలట. ఊరికే గోడని చూస్తూ కూర్చోకపోతే ఆయన కాగితాలు చూడకూడదూ?" అంది.

"గోడని చూడటం లేదు. ఆలోచించుకుంటున్నాను."

"ఆలోచనకి గోడెందుకే?"

జూన్ 4

వెళ్ళాను. ఏమీ తోచక వెళ్ళాను తప్ప అమ్మ చెప్పిందని కాదు.

మాస్టారు రిటైరై పదహారేళ్ళయింది. ఆ పదహారేళ్ళూ బౌద్ధ భిక్షువుల నియమాలు పాళి నుంచి తెలుగులోకి తెస్తున్నారట. ఒక్కో నియమం ఒక్కో చీటీ. చీటీలన్నీ చెప్పుల అట్టపెట్టెల్లో ఉన్నాయి. కంటి ఆపరేషన్ వాయిదా పడుతూ వస్తోంది. ప్రెస్సాయన మాత్రం వాయిదా ఒప్పుకోవడం లేదు. జూన్ ముప్పైకల్లా టైపు చేసిన ప్రతి ఇవ్వకపోతే ఇంకో ఏడాది ఆగమంటున్నాడు.

"బౌద్ధ గ్రంథాల్ని మూడు పిటకాలంటారు. పిటకమంటే బుట్ట. ఒక బుట్టలో ఉపదేశాలు, ఒకదాంట్లో తత్వ విశ్లేషణ, ఒకదాంట్లో నియమాలు. అందరూ ఉపదేశాల వెంట పడతారమ్మా. వినడానికి బావుంటాయి. కానీ పదిమంది ఒక కప్పు కింద బతకాలంటే కావలసింది మూడో బుట్ట," అన్నారు.

నేను ఆవులింత దాచుకుని ఒక చీటీ చదివాను. ముద్ద నోటిదాకా రాకముందే నోరు తెరవకూడదట. ఇంకో చీటీ: బుగ్గలు ఉబ్బేలా కుక్కుకోకూడదట. ఇంకోటి: చప్పరిస్తూ తినకూడదట. నవ్వొచ్చింది. జ్ఞానోదయమైన మనిషి కూర్చుని ఇవన్నీ చెప్పాడా?

"ముందు రూలు పెట్టలేదమ్మా," అన్నారు మాస్టారు. "ముందు ఎవరో ఒకడు వెధవపని చేశాడు. జనం వచ్చి ఫిర్యాదు చేశారు. అప్పుడు రూలు. ప్రతి రూలు వెనకా ఒక కథ ఉంటుంది. ఇంకో సంగతి. ఎవడి మూలంగా రూలు పుట్టిందో వాడికి మాత్రం దోషం అంటదు. వాడు చేసేనాటికి రూలు లేదుగా."

మొదట చేసినవాడికి దోషం లేదు. నేను చదివిన చదువులో ఇంత న్యాయమైన మాట ఎక్కడా దొరకలేదు.

జూన్ 5

తంతి మావయ్యగారు వచ్చారు. మాస్టారి భార్యకి స్వయానా అన్నయ్య. పిన్నిగారిని నేను పిన్నిగారు అంటాను కాబట్టి ఆయన నాకు మావయ్య. ముప్పైయేళ్ళు టెలిగ్రాములు పంపే తంతి ఆఫీసులో పనిచేసి, మాటకింతని డబ్బు కట్టినట్టే ఇప్పటికీ మాట్లాడతారు. గుమ్మంలోకి వస్తూనే, "వచ్చాను. ఎండ. టీ," అన్నారు.

ఈయనది ఇంకో శాఖ, ఉత్తర శాఖ. బుద్ధుడు పోయాక శిష్యులు తలోదిక్కూ వెళ్ళారు. తలోదిక్కునా నియమాల జాబితా ఉంది. మాస్టారి పాళి లెక్కలో భిక్షువులకి రెండువందల ఇరవై ఏడు. చీనా భాషలోకి వెళ్ళినదాంట్లో రెండువందల యాభై. మావయ్యగారు రిటైరయ్యాక పదకొండేళ్ళు కూర్చుని చీనా అక్షరాలు నేర్చుకున్నారు. టక్కు టక్కు చప్పుళ్ళలోంచి మనుషుల చావుబతుకులు చదివినవాడికి బొమ్మల్లోంచి చదవడం ఎంత అని ఆయన ధీమా. మాస్టారివి తెల్లచీటీలు, ఈయనవి పసుపుచీటీలు. పుస్తకంలో ఎడమపేజీ తెలుపు, కుడిపేజీ పసుపు. జోడీలు.

"స్తూపం దగ్గర ఎలా మసలాలో మాకు పాతిక పైచిలుకు నియమాలు. మీకు ఒక్కటీ లేదు," అన్నారు మావయ్యగారు. అంత పొడుగు వాక్యం ఆయన నోట వచ్చిందంటే అది గర్వమే.

"మా వాళ్ళకి చెప్పనక్కరలేదు బావా. పుట్టుకతో మర్యాదస్తులు."

టిబెట్ శాఖవి ఇంకా ఎక్కువ. రెండువందల యాభై మూడు. వాటి సంగతి చూసే ఆయన ఎక్కడో కొండమీద ఉంటారు. ఉత్తరాలే తప్ప మనిషి రాడు.

జూన్ 7, శనివారం

పవిత్ర గ్రంథాన్ని చెప్పుల డబ్బాల్లో పెట్టినందుకు మావయ్యగారు రెండు రోజులు మాట్లాడలేదు. మొదట్లో ఎవరూ గమనించలేదు. గమనించాక పిన్నిగారు మూడు బిస్కెట్ డబ్బాలు ఖాళీ చేసి ఇచ్చారు. బిస్కెట్లన్నీ ఒక పాత డబ్బాలోకి మారాయి. మూడు డబ్బాలూ టేబుల్ మీద వరసగా పెట్టి మాస్టారు, "మూడు బుట్టలు," అని మురిసిపోయారు.

జూన్ 8

తంతి మావయ్యగారు పసుపుచీటీలు రెండుసార్లు లెక్కపెట్టి, ఏమీ అనకుండా, టీ తాగకుండా వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళు.

జూన్ 9, సోమవారం

అమ్మ ఇవాళ రెండుసార్లు అడిగింది. ఆరింటికోసారి, ఆరున్నరకోసారి. రెండోసారి లోపలిదాకా వచ్చి మంచం పక్కన నిలబడి అడిగింది. నేను కదల్లేదు.

మాస్టారింట్లో కరెంటు లేదు. కంప్యూటరు నిద్రపోయింది. ఆయన కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. చెమట, విసుగు. ఎదురుగా ఖాళీ పసుపుచీటీలు. చేతిలో పెన్ను. మావయ్యగారి పాత చీటీలు మళ్ళీ సాపు చేసేది ఎటూ నేనే కాబట్టి నా చేతిరాతని ఎవరూ కొత్తగా చూడరు. ఇది ఆలోచించి చేసిన పని కాదు, ఇప్పుడు రాస్తుంటే తోచిన మాట.

ఇలా రాశాను: "ఏ భిక్షువు నిద్రించుచున్న తోటి భిక్షువు చెంత నిలిచి, 'ఆయుష్మంతుడా, నిద్రించుచున్నావా' అని అడుగునో, వానికి దోషము." కింద కథ కూడా రాశాను. ఒక పెద్ద భిక్షువు పొద్దున్నే లేచి వరసగా అన్ని గదుల ముందూ నిలబడి నిద్రపోతున్నారా అని అడిగేవాడట. అందరూ లేచి, ఇప్పుడు లేదండీ, అనేవారట. అలా ఒక వానకాలమంతా ధ్యానానికి కూర్చున్నవాళ్ళు కూర్చున్నచోటే తూగారట.

బావుంది. నా అంతట నేనే నవ్వుకున్నాను. నవ్వి ఎన్నాళ్ళయిందో.

చింపేద్దామనుకున్నాను. లోపలికి మంచినీళ్ళకి వెళ్ళొచ్చేసరికి చీటీ లేదు. ఫ్యాను గాలికి పసుపు డబ్బాలో పడి ఉంటుంది. డబ్బా సర్దినప్పుడు తీసేయొచ్చు.

జూన్ 11

డబ్బా సర్దలేదు. మిగతా పని చాలా ఉంది.

జూన్ 12, గురువారం

ఇవాళ మావయ్యగారు పసుపుచీటీలు మళ్ళీ లెక్కపెట్టారు. పెదాలు కదులుతున్నాయి. చివరికొచ్చి ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు. రెండోసారి అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రెండువందల యాభై," అన్నారు.

"ఉండాల్సినవి అన్నేగా," అన్నారు మాస్టారు.

"అన్నే."

అన్నే ఎలా ఉంటాయి? నాదొకటి ఎక్కువుండాలి. అంటే నా చీటీ అందులో లేదన్నమాట. ఫ్యాను గాలికి బయటికి ఎగిరిపోయి ఉంటుంది. ఎంత హాయిగా ఉందో.

సరిగ్గా అప్పుడే మావయ్యగారు ఒక చీటీ పైకి తీసి చదివారు. "నిద్రించుచున్న తోటి భిక్షువు చెంత నిలిచి..."

మాస్టారు భూతద్దం పక్కన పెట్టి, "ఇది మీ వాళ్ళదా? ఎప్పుడూ చెప్పలేదే," అన్నారు.

మావయ్యగారు చీటీ వంక చూశారు. డబ్బా వంక చూశారు. గోడ మీద బల్లి వంక కూడా చూశారు. "మాదే," అన్నారు.

జూన్ 13

చెప్పేద్దామని వెళ్ళాను. సందు దొరకలేదు. ఇద్దరూ నా నియమం మీద పడ్డారు.

"నిద్రపోతున్నాడని తెలిసే అడిగాడనుకో, దోషం," అన్నారు మాస్టారు వేలు మడిచి. "అనుమానం మీద అడిగితే చిన్న దోషం. అసలు వాడు నిద్ర నటిస్తుంటే?"

"దోషం పడుకున్నవాడిది," అన్నారు మావయ్యగారు.

"అలా అని మీ వ్యాఖ్యానంలో ఉందా?"

"ఉండాలి."

నేను తలవంచుకుని టైపు చేశాను. ఎందుకో చెవులు వేడెక్కాయి. ఎండ ఎక్కువ.

తరవాత పోట్లాట మొదలైంది. ఇంత మంచి నియమం పాళిలో లేకపోవడం మాస్టారికి మింగుడు పడలేదు. ఒకప్పుడు ఉండే ఉంటుందని, ఎవరో వదిలేశారని ఆయన. మా దగ్గర తరవాత చేర్చారని ఒప్పుకోను అని ఈయన. బుద్ధుడు పోయేముందు, చిన్న చిన్న నియమాలు కావాలంటే తీసేసుకోండి అన్నాడట. చిన్నవంటే ఏవో అడగడం పక్కనున్న శిష్యుడు ఆనందుడు మర్చిపోయాడట. అందుకని ఎందుకైనా మంచిదని అన్నీ ఉంచేశారు.

"ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నాకు పదహారేళ్ళు పట్టేది కాదు," అన్నారు మాస్టారు.

"నియమం చిన్నదా పెద్దదా?" అన్నారు మావయ్యగారు నావైపు తిరిగి. "అమ్మాయ్. నీ ఉద్దేశం?"

నాకు ఉద్దేశమేమీ లేదన్నాను.

జూన్ 14

మాస్టారు ఇవాళ గొంతు తగ్గించి ఒక తెల్లచీటీ చూపించారు. నియమాలు చదువుతుంటే కూర్చుని వింటూ, ముందే తెలిసినదాన్ని, అరే ఇలాంటిదొకటుందా, నాకిప్పుడే తెలిసింది అని బుకాయించేవాడికి దోషమట. "జోడీ వెతికాను. పసుపులో లేదు. మా వాళ్ళకే ఉంది. కింద ఒక పాదసూచిక రాశాను. బావకి చెప్పకు. పుస్తకం వచ్చాక చూసుకుంటాడు."

డెబ్బై నాలుగేళ్ళ మనిషి ముఖంలో పరీక్షలో పక్కవాడి కంటే ఒక మార్కు ఎక్కువొచ్చినవాడి వెలుగు.

జూన్ 16, సోమవారం

మావయ్యగారు కొండమీదాయనకి ఉత్తరం రాశారు. మీ టిబెట్ జాబితాలో నిద్ర నియమం ఉందా అని. పోస్టు చెయ్యమని నాకే ఇచ్చారు.

పోస్టు డబ్బా ముందు నిలబడి ఆలోచించాను. వెయ్యకపోతే అదింకో తప్పు. వేశాను. కొండమీదాయన లేదు అంటారు. అదే తేలిపోతుంది. నేను చెప్పాల్సిన పనే ఉండదు.

జూన్ 18

మాస్టారింట్లో గొడవ. భోజనం అయ్యాక ఆయన పడక కుర్చీలో కళ్ళు మూసుకున్నారు. పిన్నిగారు వంటింట్లోంచి వచ్చి, రోజూ లాగే, "నిద్రపోతున్నారా?" అన్నారు.

కళ్ళు తెరవకుండానే మాస్టారు, "దోషం," అన్నారు.

"ఏమిటి?"

"ఉత్తర శాఖ వాళ్ళ నియమం. మీ అన్నయ్యదే. కావాలంటే అడుగు."

పిన్నిగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు. సాయంత్రం టీ మాత్రం రెండు కప్పులే వచ్చాయి. నాకొకటి, మావయ్యగారికొకటి. మాస్టారు ఖాళీ చేతులు చూసుకుని నా కప్పు చూశారు. నేను ఇవ్వలేదు. రూలు ప్రకారం నాకు సంబంధం లేదు.

జూన్ 20

తలుపు వెనక నా గొడుగు కనబడింది. నల్లది, పిడి విరిగింది. ఆఫీసు సొరుగులో మర్చిపోయాననుకున్నాను. అంటే మర్చిపోలేదన్నమాట.

జూన్ 22, ఆదివారం

వంటింట్లో కప్పులు కడుగుతుంటే పిన్నిగారు పక్కన నిలబడి తుడుస్తూ, "మన రెండిళ్ళకీ మధ్య గోడ పల్చన," అన్నారు.

"అవునా అండీ."

"పొద్దున ఆరింటికి మీ అమ్మ గొంతు నా పొయ్యి దగ్గరికి వినబడుతుంది."

కప్పు జారింది. పగల్లేదు.

"ఎవరో చీనా భిక్షువు వెయ్యి మైళ్ళ అవతల కూర్చుని మీ అమ్మ మాట ఎలా రాశాడా అని చూస్తున్నాను," అన్నారు. కప్పులు బోర్లించి వెళ్ళిపోయారు. ఆవిడ తిట్టి ఉంటే బావుండేది.

జూన్ 24

కొండమీదాయన జవాబొచ్చింది. మావయ్యగారు పైకి చదివారు. "మీరు ప్రస్తావించిన నియమము మా సంప్రదాయమునను కలదు. మాటలలో కించిత్ భేదము. పుట సంఖ్య ప్రస్తుతము చేతికి అందుట లేదు."

రెండు శాఖలు. రెండు వేల అయిదువందల ఏళ్ళలో దేనిమీదా ఇంత సులువుగా ఏకాభిప్రాయానికి వచ్చి ఉండవు.

"చూశావా," అన్నారు మాస్టారు దిగులుగా. "మా ఒక్కళ్ళకే లేదు."

జూన్ 25

లోపలి అట్ట నమూనా వచ్చింది. అనువాదం కింద ఇద్దరి పేర్లు. దాని కింద, సహాయ సంపాదకత్వం, నా పేరు. అచ్చులో నా పేరు చూడటం ఇదే మొదలు. ఆఫీసులో టేబుల్ మీద కూడా ముందున్నవాడి పేరు బిళ్ళే ఉండేది.

"తప్పులేమైనా ఉంటే నువ్వే పట్టుకోవాలమ్మా," అన్నారు మాస్టారు. "నాకు చూపు లేదు, బావకి ఓపిక లేదు. ఇలాంటి పుస్తకంలో ఒక్క దొంగచీటీ దొరికిందంటే చాలు. మిగతా నిజాలన్నిటినీ జనం దొంగవనే అంటారు. పదహారేళ్ళూ గంగపాలు."

చెప్పాలి.

జూన్ 26

రేపు చెప్తాను.

జూన్ 27

మాస్టారికి పడిశం. ఒంట్లో బాగాలేనివాళ్ళకి చెప్పకూడదు.

జూన్ 28, శనివారం

పడిశం తగ్గింది.

ఆ రోజు కరెంటు లేదు. పైన రాసి ఉంది, నా చేత్తో నేనే రాశాను. కరెంటు లేనప్పుడు ఫ్యాను ఎలా తిరిగింది? నేనే పెట్టాను డబ్బాలో. అడుగున కూడా కాదు, మధ్యలో, మర్యాద నియమాల మధ్య, కుదిరేచోట చూసి మరీ పెట్టాను. వీళ్ళు కనుక్కుంటారో లేదో చూద్దామని. కనుక్కుంటే నవ్వుకుంటామని. కనుక్కోరని తెలిశాక ఏం చెయ్యాలో ఆలోచించలేదు.

రేపు మాస్టారు మొత్తం చదివించుకుని వింటారట. ఎల్లుండి ప్రెస్సు.

జూన్ 29, ఆదివారం

ఎంత పొడుగైనా ఇవాళ్టిది మొత్తం రాయాలి.

భిక్షువులు పదిహేను రోజులకోసారి కూడి నియమాలన్నీ పైకి చదువుకుంటారు. ఒక్కో భాగం అయ్యాక చదివే ఆయన మూడుసార్లు అడుగుతాడు, వీటిలో మీరు శుద్ధులేనా అని. తప్పు చేసినవాడు చెప్పాలి. మాట్లాడకపోతే శుద్ధుడని లెక్క. మూడోసారి కూడా తెలిసి ఊరుకుంటే అది అబద్ధం ఆడినట్టే. నోరు విప్పకుండా ఆడే అబద్ధం. పుస్తకం బయటికి వెళ్ళేముందు ఒక్కసారైనా అది చదవాల్సిన పద్ధతిలో చదువుదామని మాస్టారి కోరిక.

ముందుగదిలో టేబుల్, మూడు డబ్బాలు. నేను చదవాలి, మాస్టారు అడగాలి, మావయ్యగారు ఒక్కో చీటీ పక్కన పెట్టాలి. పిన్నిగారు వంటింటి గడపలో పీట వేసుకుని ఏదో ఒలుస్తున్నారు. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాం. దొంగతనాలు, అబద్ధాలు, తోటివాడి మీద చాడీలు. ఒక్కో భాగం చివర మాస్టారు అడిగారు. మేం ఊరుకున్నాం. పెద్ద పెద్ద పాపాల్లో అందరం శుద్ధులమే. భోజనం చేసి మళ్ళీ కూర్చున్నాం. మర్యాద నియమాలకి వచ్చేసరికి మూడైంది.

చప్పరించకూడదు. నాలుక బయటపెట్టకూడదు. చేతులు దులపకూడదు. తరవాత నాది వచ్చింది. వదిలేసి కిందికి వెళ్ళిపోవచ్చు. మావయ్యగారి వేలు ఆ చీటీ మీదే ఉంది. చదివాను. నా గొంతులో అది అందరి నియమాల్లాగే వినబడింది. దానికే భయమేసింది.

భాగం అయింది. మాస్టారు కళ్ళు మూసుకుని అడిగారు. "వీటిలో మీరు శుద్ధులేనా?"

ఫ్యాను తిరుగుతోంది. ఇవాళ కరెంటు ఉంది.

"రెండోసారి అడుగుతున్నాను. శుద్ధులేనా?"

పిన్నిగారు ఒలవడం ఆపారు.

"మూడోసారి అడుగుతున్నాను."

"ఆ నిద్ర చీటీ నాది మాస్టారూ," అన్నాను. "ఏ శాఖదీ కాదు. నేనే రాశాను. నేనే డబ్బాలో పెట్టాను."

మాస్టారు కళ్ళు తెరిచారు. నావైపు కాదు, కొంచెం పక్కకి చూశారు. ఆయనకి నేను సరిగ్గా ఎక్కడున్నానో కనబడదు. "ఎందుకమ్మా?"

"మీరు కనిపెడతారో లేదో అని."

"కనిపెట్టలేదు," అన్నారు.

ఆ మాట చాలు. నేను ఆయన్ని నవ్వించబోయి పదహారేళ్ళ పనివాడిని గుడ్డివాడని రుజువు చేశాను. లేచి వెళ్ళిపోదామని చెప్పుల కోసం చూశాను. ఉద్యోగంలోనూ అంతే, ఏదైనా పాడైతే నాకు ముందు చెప్పులే కనబడతాయి.

"కూర్చో. అమ్మాయ్," అన్నారు మావయ్యగారు. ఇంకేదో అనబోయి ఆగారు. తరవాత ఆయన మాట్లాడిన తీరు చూసి నేను చెప్పుల సంగతి మర్చిపోయాను. "బావా, అది నాది కాదని నాకు చూసిన క్షణంలోనే తెలుసు. డబ్బాలు మార్చిన మర్నాడు లెక్కపెడితే రెండువందల నలభై తొమ్మిదే వచ్చాయి. ఒకటి పోయింది. ఏది పోయిందో తెలియదు. అసలు పుస్తకం లైబ్రరీకి ఇచ్చేశాను. ముప్పైయేళ్ళ సర్వీసులో ఒక్క తంతి పోగొట్టలేదు, ఇది పోగొట్టానని నీతో ఎలా చెప్పను? ఇంతలో ఇది వచ్చింది. లెక్క సరిపోయింది. నాదే అన్నాను. వెతకడం మానేశాను."

అన్ని మాటలకి పూర్వం ఆయన ఆఫీసులో ఎంత ఖర్చయ్యేదో.

మాస్టారు దగ్గారు. "ఏది పోయిందో నాకు తెలుసేమో," అన్నారు. ఆ తెల్లచీటీ నాచేత తీయించి చదివించారు. ముందే తెలిసి, ఇప్పుడే తెలిసిందని బుకాయించేవాడికి దోషం. కింద పాదసూచికతో సహా చదివించారు: "ఇంతటి సూక్ష్మమైన నియమము ఉత్తర శాఖవారికి లోపించుట శోచనీయము."

"శోచనీయమా?" అన్నారు మావయ్యగారు.

"అడిగితే ఉందంటావేమోనని అడగలేదు బావా."

"ఉంది. డెబ్బై మూడు. తొంభై నియమాల విభాగంలో. రాశాను. శోచనీయమా?"

"కొట్టేస్తాను."

గడప దగ్గర చప్పుడైంది. పిన్నిగారు లేచి లోపలికి వెళ్ళి పాత బిస్కెట్ డబ్బా తెచ్చి టేబుల్ మీద బోర్లించారు. బిస్కెట్ల పొడి, దాని మీద ఒక పసుపు కాగితం, నెయ్యి మరకలు పడి అద్దంలా పారదర్శకంగా. "ఆ రోజు డబ్బాలు మారుస్తూ అడుగున పరవడానికి ఖాళీ కాగితం అనుకుని వేశాను. రాత అవతలివైపు ఉంది. మొన్న చూశాను. ముగ్గురూ నా మాటని దోషం దోషం అంటుంటే ఇవ్వబుద్ధి కాలేదు. నేనూ శుద్ధం కాదు."

డెబ్బై మూడో నియమం. బిస్కెట్ వాసనతో.

ఇక మిగిలింది మాస్టారు ఒక్కరే. ముగ్గురం ఆయన వంకే చూశాం. కనబడకపోయినా తెలిసినట్టుంది. "మధ్యాహ్నాలు నేను నిద్రపోను," అన్నారు. "ఈవిడ అడిగినప్పుడు మెలకువగానే ఉంటాను. పలికితే బజారుకి పంపుతుందని పలకను."

"తెలుసు," అన్నారు పిన్నిగారు.

"తెలిసీ రోజూ ఎందుకు అడుగుతావు?"

ఆవిడ బిస్కెట్ పొడి అరచేత్తో పోగుచేస్తూ చెప్పారు. "పోయినేడు మీ గుండె ఆగినంత పనైంది కదా. కళ్ళు మూసుకుని పడుకుంటే ఇక్కణ్ణుంచి ఏం తెలుస్తుంది? ఉన్నారా అని అడగలేక అలా అడుగుతాను. పలకకపోతే దగ్గరికి వచ్చి చూసి వెళ్తాను."

మావయ్యగారు కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు.

మంచం పక్కన నిలబడి రెండోసారి అడిగిన అమ్మ గుర్తొచ్చింది. నా వీపు వెనక ఎంతసేపు నిలబడిందో. సెలవు పెట్టాక, ఈ డైరీ మొదలుపెట్టకముందు, పదకొండు రోజులు నేను గోడవైపు నుంచి ఇటు తిరగలేదు. అది విశ్రాంతి అని ఇందులో రాశాననుకున్నాను. ఎక్కడ రాశానో చూస్తే కనబడలేదు. ఆ పదకొండు రోజులకి పేజీలే లేవు.

మాస్టారు నన్ను పిలిచారు. "నీ చీటీ తీసెయ్. డెబ్బై మూడు టైపు చెయ్యి. మిగతావన్నీ మొదటినుంచి మళ్ళీ చదువు. ఇంకెన్ని రాశావో నాకేం తెలుసు?"

"ఇంకేం రాయలేదు మాస్టారూ."

"అది చదివాక నేను చెప్తాను. ప్రెస్సాయన రెండ్రోజులు ఆగుతాడు, బావ మాట్లాడతాడు. ఏదీ బావా, తంతి ఆఫీసువాడివి కదా, నాలుగు మాటల్లో తేల్చు."

మావయ్యగారు ఫోను తీశారు. "తప్పు దొరికింది. దిద్దుతున్నాం. బుధవారం. నమస్కారం."

నేను బయల్దేరుతుంటే మాస్టారు వెనకనుంచి, "పుస్తకంలో సొంత నియమం రాసిన సంపాదకులు ఇంతకు ముందు లేరమ్మా. మొదటిదానివి," అన్నారు. నవ్వుతూ అన్నారో లేదో నేను వెనక్కి తిరిగి చూడలేదు. "రేపటి నుంచి రూలు ఉంది. గుర్తుపెట్టుకో."

నా చీటీ చింపలేదు. ఈ పేజీలో పెట్టాను. కింద ఒక మాట చేర్చాను: భయముచేత అడిగినవారికి దోషము లేదు.

జూన్ 30, సోమవారం

పొద్దున ఆరింటికి తలుపు దగ్గర అడుగుల చప్పుడు.

"నిద్రపోతున్నావా?"

"లేదమ్మా." ఇటు తిరిగాను. అమ్మ చేతిలో గరిటె ఉంది. అడగడానికి వచ్చేటప్పుడు అది పట్టుకుని వస్తుందని ఇన్నాళ్ళూ తెలియదు. "అమ్మా, సెలవు కాదు. మానేశాను."

"మీ ఆఫీసుకెళ్ళి నీ గొడుగు తెచ్చిన రోజే తెలుసు," అంది. "నీ సొరుగులో కప్పు కూడా ఉండిపోయిందట. అది ఇంకోసారి తెస్తాలే. లే, మాస్టారు ఎనిమిదింటికి రమ్మన్నారు."